ఐదోవాడి స్కోరు

మార్చి వచ్చినా మదనపల్లెలో తెల్లవారుజామున చలి వదలదు. బీటీ కాలేజీ గ్రౌండ్‌లో నడిచేవాళ్లలో సగం మంది చెవులకు మఫ్లర్ చుట్టుకునే వస్తారు. నా నడక ముగించుకుని చెట్టు కింద కూర్చునే వేళకు, కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు పరుగు మొదలుపెడతారు. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో ముగించాలి, అదీ పరీక్ష. వాళ్లను పరుగెత్తించేది ఒక రిటైరైన ఫిజికల్ డైరెక్టర్, పీడీ సారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ జీతమివ్వరు, అయినా వస్తారు. తెల్ల క్యాన్వాస్ బూట్లు, మెడలో విజిల్, కుడిచేతిలో స్టాప్‌వాచీ. మొదటివాడు సున్నపు గీత దాటగానే అంకె చెబుతారు. రెండోవాడికి చెబుతారు, మూడోవాడికి చెబుతారు. పదిమంది వచ్చేశాక అందరూ నీళ్ల బాటిళ్ల దగ్గరికి, సెల్‌ఫోన్ల దగ్గరికి పోతారు. అప్పటికి ఒకడు మాత్రం గ్రౌండ్ అవతలి మూల ఇంకా మలుపు తిరుగుతుంటాడు. ఒళ్లున్న పిల్లోడు. డొక్కలో నొప్పి పట్టిందేమో, ఒక చెయ్యి పక్కటెముకల మీదే ఉంటుంది. ఎనిమిది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. పరీక్ష లెక్కలో వాడు తప్పినట్టే. సారు మాత్రం కదలరు, వాచీ ఆపరు. వాడు గీత దాటేదాకా ఆయన బొటనవేలు ఆ బటన్ మీదే ఉంటుంది.

చూడబోతే ఇది చాలా చిన్న విషయం. కానీ కొన్ని వారాలుగా ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలడం లేదు. తప్పినవాడి టైము ఎందుకు? ఆ అంకెను ఎక్కడ రాసుకుంటారు? ఒక మనిషి ముప్పై ఏళ్లో నలభై ఏళ్లో ఆటలు నేర్పే ఉద్యోగం చేస్తే చివరికి ఆయన దగ్గర మిగిలేదేమిటి? కప్పులు కాలేజీ బీరువాలో ఉంటాయి, సర్టిఫికెట్లు పిల్లల ఇళ్లలో ఉంటాయి. గీత అవతల ఇంకా రానివాడి మీద నిలిచే ఆ చూపు, అదొక్కటేనా ఆయనది? ఈ ఆలోచన పట్టుకుని పోతూ పోతూ, నేనెన్నడూ ఆడని, మా వీధుల్లో ఎవరూ ఆడని గోల్ఫ్ దాకా పోయాను. దానికి కారణం పుంగనూరులో ఒక పండగ పూట.

2023 వినాయక చవితికి పుంగనూరులో మా అత్తగారింట్లో ఉన్నాం. పూజకు పత్రి సర్దుతుంటే మా బామ్మర్ది కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చి, "మామా, ఈయప్ప మనోడే, చూడు" అన్నాడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం నాపాలో అంతకు కొన్ని గంటల ముందే ముగిసిన గోల్ఫ్ పోటీ అది. సాహిత్ తీగల అనే పాతికేళ్ల కుర్రాడు పీజీఏ టూర్ అనే పెద్ద గోల్ఫ్ పోటీల వరసలో తన మొదటి టైటిల్ గెలిచాడు. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి పోయి అక్కడ స్థిరపడినవాళ్లు, పిల్లోడు పుట్టింది అక్కడే. అందరూ వాణ్ణి చూస్తుంటే నాకు మాత్రం వీనికి నేర్పిందెవరు అని అనుమానం వచ్చింది. అడిగితే, మాలిబూలోని పెపర్‌డైన్ యూనివర్సిటీ టీములో ఆడాడని, అక్కడి కోచ్ పేరు మైకేల్ బియర్డ్ అని పిల్లోడు వెతికి చెప్పాడు. మా అత్తగారు ఉండ్రాళ్లు చేస్తూ చేస్తూ తలెత్తి, "ఆ ఆటకూ కాలేజీలో ఒక అయివోరు ఉంటాడా నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాతోనే మదనపల్లెకు వచ్చేసింది.

ఉంటాడు. అమెరికా కాలేజీల్లో అదొక నిండు ఉద్యోగం. ఆ అయివోరి పని ఎలా ఉంటుందో చదువుతూ పోయే కొద్దీ నాకు మా గ్రౌండ్‌లో సారే గుర్తొస్తున్నారు. సాహిత్ సంగతే చూడండి. చదువుకునే రోజుల్లో మణికట్టు దెబ్బతిని 2018-19 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చోవాల్సి వచ్చింది. 2020లో తిరిగి లేచి కాలేజీ గోల్ఫ్‌లో ఇచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ తనే తెచ్చుకున్నాడు. ఆ ఏడే కరోనా వచ్చి సీజన్ మధ్యలోనే ఆగిపోయింది, జాతీయ పోటీలే జరగలేదు. మరుసటి ఏడు, 2021లో, పెపర్‌డైన్ జట్టు జాతీయ చాంపియన్ అయింది. అప్పటికి సాహిత్ కాలేజీ వదిలి వెళ్లిపోయాడు. కోచ్ చేతికి వచ్చిన ఆ పెద్ద గెలుపులో ఆయన పేరుపొందిన శిష్యుడు లేడు. జరగరాని అన్యాయం జరిగిందని కాదు, కాలేజీ అంటేనే అంత. నాలుగేళ్లకు బెంచీ ఖాళీ అవుతుంది, కొత్తవాడు వచ్చి కూర్చుంటాడు. అయివోరు మాత్రం అదే వయసు పిల్లల మధ్య తానొక్కడే ముసలివాడవుతాడు.

అయితే నన్ను పట్టుకున్నది అవార్డుల మాట కాదు, ఒక లెక్క. అక్కడి కాలేజీ గోల్ఫ్‌లో జట్టుకు ఐదుగురు ఆడతారు. ఒక్కొక్కరు 18 హోల్స్ తిరగాలి, ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. రౌండ్ ముగిశాక ఐదుగురి స్కోర్లలో తక్కువగా ఉన్న నాలుగింటిని మాత్రమే కూడతారు. ఐదోవాడి స్కోరు జట్టు లెక్కలోకి రాదు. వాడూ అందరిలాగే బ్యాగు మోసుకుని అంత దూరమూ నడిచాడు, అదే ఎండ, అదే గాలి. నాలుగైదు గంటలు పడ్డ పాటు కూడికలో కనపడదు. ఎంత కఠినమైన లెక్క అనుకున్నాను మొదట. తర్వాత ఆలోచిస్తే అందులో ఇంకో సంగతి ఉంది. ఎవడు ఐదోవాడవుతాడో పొద్దున ఆట మొదలయ్యేటప్పుడు ఎవరికీ తెలియదు. ఈ రోజు ఐదోవాడు రేపు మొదటివాడు కావచ్చు. మామూలు గోల్ఫ్ పోటీల్లో ఆట నడుస్తుండగా ఆటగాడికి సలహా చెప్పే హక్కు అతని బ్యాగు మోసే కేడీకి తప్ప మరొకరికి ఉండదు. కాలేజీ ఆటలో మాత్రం కోచ్ పక్కనే నడవొచ్చు, మాట చెప్పొచ్చు. కానీ ఐదుగురూ మైళ్ల దూరం పరుచుకున్న మైదానంలో ఐదు చోట్ల ఉంటారు. ఉన్నది ఒక్క మనిషి, రెండు కాళ్లు. ఎవరి దగ్గరికి పోవాలి? బాగా ఆడుతున్నవాడి దగ్గరికా, చెయ్యి జారుతున్నవాడి దగ్గరికా? పోతే మాట్లాడాలా, ఊరికే నడవాలా? ఈ ప్రశ్నకు రూల్సు పుస్తకంలో జవాబు ఉండదు. ఆ ఉద్యోగమంతా, నాకు అర్థమైనంతలో, ఈ ఒక్క ప్రశ్నే.

మిగతా పనులు లేవని కాదు. కోచ్ ఏడాదిలో చాలా రోజులు పిల్లల టోర్నమెంట్ల చుట్టూ తిరుగుతూ, ఎవరిని తీసుకోవాలో చూస్తుంటాడు. తల్లిదండ్రులతో మాట్లాడాలి, చదువులో మార్కులు తగ్గినవాణ్ణి కూర్చోబెట్టాలి, చాలా చోట్ల వ్యాను కూడా ఆయనే నడపాలి. చాలా ఏళ్ల పాటు అక్కడి పెద్ద కాలేజీల మగపిల్లల గోల్ఫ్ జట్టుకు ఇచ్చిన స్కాలర్‌షిప్పులు మొత్తం నాలుగున్నర. జట్టులో ఎనిమిది తొమ్మిది మంది. నాలుగున్నర రొట్టెలను అంతమందికి తుంచి పెట్టే ఇల్లాలి పని అది. ఎవరికి సగం, ఎవరికి పావు, ఎవరికి ఏమీ లేకుండా ఉట్టి చొక్కా? ఇంత డబ్బు లెక్క చూసిన మనిషి మైదానంలో ఆ లెక్క మరిచి అందరినీ ఒకేలా చూడగలడా? చూడగలిగినవాళ్లు ఉన్నారనే నా నమ్మకం. లేకపోతే ఆ ఆటగాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా తమ కోచ్ పేరు ఎత్తగానే గొంతు మార్చుకోరు.

అలాంటి ఒకాయన ఉన్నాడు, హార్వీ పెనిక్. టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో 1904లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఊరి క్లబ్బులో బ్యాగులు మోసే కేడీగా చేరాడు. బాగా ఆడేవాడే. కానీ ఒకసారి శామ్ స్నీడ్ అనే ఆటగాడు బంతి కొట్టడం చూసి, తన దారి ఆడటం కాదు, నేర్పడం అని తేల్చుకున్నాడట. ఆ తీర్పు ఎంత నిబ్బరంగా ఇచ్చుకున్నాడో అని నాకిప్పటికీ ఆశ్చర్యం. 1931 నుంచి 1963 దాకా టెక్సాస్ యూనివర్సిటీ గోల్ఫ్ కోచ్‌గా ఉన్నాడు. తన దగ్గరికి వచ్చిన ఒక్కొక్కరిలో గమనించినది ఒక ఎర్ర అట్ట నోటు పుస్తకంలో రాసుకునేవాడు. దాన్ని తాళం వేసి దాచేవాడు, కొడుక్కి తప్ప చూపించేవాడు కాడు. ఎనభై ఏడేళ్లు నిండాక, 1992లో, ఆ రాతలు పుస్తకంగా వచ్చాయి. ప్రచురణ సంస్థ 90 వేల డాలర్లు అని కబురు చేస్తే, అంత డబ్బు తాను వాళ్లకు కట్టాలేమో అనుకుని, మందుల ఖర్చులే తలకు మించి ఉన్నాయి, ఎక్కణ్ణుంచి తేను అని దిగులుపడ్డాడట. అది వాళ్లు ఈయనకు ఇచ్చే డబ్బు! జీవితమంతా ఇవ్వడమే అలవాటైన మనిషికి ఎదురు వచ్చేది ఒకటి ఉంటుందని తట్టలేదు. ఆయన దగ్గర టామ్ కైట్, బెన్ క్రెన్‌షా అని ఇద్దరు పిల్లలు చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నారు. ఒకరికి చెప్పేటప్పుడు ఇంకొకరిని చూడనిచ్చేవాడు కాదు. ఒకరికి పనికొచ్చే మాట ఇంకొకరిని చెడగొడుతుందని ఆయన లెక్క. పాఠం ఒకటే, పిల్లలు ఇద్దరు, మాటలు రెండు. ఎంతమంది అయివోర్లకు ఈ ఓపిక ఉంటుంది? 1995 ఏప్రిల్ 2న ఆయన పోయారు. పోవడానికి కొద్దిరోజుల ముందు మంచం మీద నుంచే క్రెన్‌షాకు చివరి పాఠం చెప్పారు. శిష్యులిద్దరూ మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీకి ఆగస్టా చేరుకున్నవాళ్లు వెనక్కి వచ్చి ఆయన పాడె మోశారు. ఆ ఆదివారం, ఏప్రిల్ 9న, నలభై మూడేళ్ల క్రెన్‌షా మాస్టర్స్ గెలిచి, చివరి హోల్ దగ్గరే నడుము వంచి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. గెలిచిన మనిషి నిలబడలేకపోవడం ఆ వీడియోలో చూశాను. మళ్లీ మళ్లీ చూశాను.

ఇంతా చెప్పాక నాలో ఒక సందేహం అడ్డం పడుతుంది. గోల్ఫ్‌ను తెచ్చి మా గ్రౌండ్ పక్కన పెట్టడం న్యాయమేనా? అది భూమి, నీళ్లు, డబ్బు మూడూ సమృద్ధిగా ఉన్నవాళ్ల ఆట. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా బస్సులో పోతే దారి పొడవునా కనిపించేవి టమాటా తోటలు, మల్బరీ మడులు, ఎండిన చెరువులు, బోరు వేసి నీళ్లు పడక వదిలేసిన చేలు. ఆ నేల మీద పచ్చిగడ్డి పెంచడానికి నీళ్లు పారించమని నేను చచ్చినా అనను. గోల్ఫ్ మాకు కొత్త కాదు కూడా. కుప్పానికి దగ్గర్లోనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో తెల్లదొరలు తమ కోసం గోల్ఫ్ మైదానం వేసుకున్నారు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి, ఉత్తర ఆర్కాడు నుంచి పోయిన కూలీలు భూమి లోపల వేల అడుగుల కింద రాయి తవ్వుతుంటే, పైన దొరలు సాయంత్రం ఆట ఆడుకునేవాళ్లు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి, కుప్పం పక్కనున్న చిగురుగుంట గని కూడా వాటితోనే ఆగిపోయింది. మన దేశంలో ఈ ఆట పేదవాడి చేతికి వచ్చిన దారి ఎప్పుడూ ఒకటే, దొరల బ్యాగు మోయడం. బెంగళూరులో కేడీగా మొదలుపెట్టిన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆయన మొదలైంది కాలేజీలో కాదు, కోచ్ దగ్గరా కాదు. బ్యాగు మోస్తూ, కొట్టేవాళ్ల భుజాలూ మణికట్లూ చూస్తూ నేర్చుకున్నాడు. అలా రాగలిగినవాడు ఒకడు కనిపిస్తే, రాలేక మధ్యలో నిలిచిపోయినవాళ్లు ఎంతమంది? ఆ నిలిచిపోయినవాళ్ల కోసమే గదా కోచ్ అనే మనిషి ఉండాలి.

కాబట్టి నేను పోల్చేది ఆటను కాదు, ఆ అయివోరిని. మా వైపు కాలేజీల్లో ఆయన పేరు పీడీ సారు. బీటీ కాలేజీ అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ. 1919లో ఠాగూర్ ఇక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి రాసుకున్న సంగతి ఊరంతా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. ఆ మరుసటి ఏడే, 1920లో, హ్యారీ బక్ అనే ఆయన మద్రాసులో వ్యాయామ విద్య నేర్పే వైఎంసీఏ కాలేజీ పెట్టాడు. దేశంలో అలాంటిది అదే మొదటిది. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయిన మన జట్టు వెంట ఆయనా వెళ్లాడు. మన వైపు హైస్కూళ్లకు, కాలేజీలకు విజిల్, సున్నపు గీత, డ్రిల్లు పీరియడు తెచ్చిన తరం అక్కడ తయారైంది. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు. యూజీసీ లెక్కల్లో పీడీకి లెక్చరర్‌తో సమానమైన స్కేలు ఉంటుంది, కాలేజీలో మాత్రం ఆయన గది ఎప్పుడూ సైకిల్ స్టాండు పక్కనో, మెట్ల కిందో ఉంటుంది. గేటు దగ్గర ఆలస్యంగా వచ్చేవాళ్లను ఆపేది ఆయనే, ఆగస్టు 15న తాడు సరిచూసేది ఆయనే, గొడవలైతే మధ్యలోకి దూకేది ఆయనే. కాలేజీ కూడికలో ఆయన స్కోరు కలవదు.

నా డిగ్రీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ జట్టుతో ఇంటర్ కాలేజియేట్ పోటీలకు తిరుపతి పోయాను. ఆ ఆటలోనూ కోర్టులో ఐదుగురే. నేను బయట రిజర్వులో ఉన్నాను. రెండు రోజులూ ఒక్క బంతి ఆడలేదు, పసుపు ఊలు బంతుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఓడిపోయి రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే, పీలేరు దాటాక, సారు ముందు సీటు నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "నువ్వు బయట్నించి చూసినావు గదా, ఎక్కడ పోయిందో చెప్పు" అన్నారు. ఆడినవాళ్లను అడగలేదు, నన్ను అడిగారు. నేను భయపడుతూ, మన లెఫ్ట్ బ్యాక్ ప్రతిసారీ ఒక అడుగు ముందుకు జరిగి నిలబడుతున్నాడు సార్, వాళ్లు అది కనిపెట్టి వెనక్కి కొడుతున్నారు అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత జేబులో నుంచి చిన్న పుస్తకం తీసి, బస్సు లైటు వెలుగులో రాసుకున్నారు. నా మాట రాసుకున్నారు! ఎర్ర అట్ట పుస్తకం గురించి చదివినప్పుడు నాకు ముందుగా కళ్లలో మెదిలింది ఆ బస్సు, ఆ పెన్సిలు. ఆ తర్వాత జీవితంలో నేను చాలా గదుల్లో గోడ పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ, నేను చూస్తున్నది ఎవరికో పనికొస్తుందని అనుకునే కూర్చున్నాను.

అలాంటి సారు ఇప్పుడు అన్ని చోట్లా లేరు. మా అమ్మాయి ఇంటర్ చదివిన ప్రైవేటు కాలేజీకి గ్రౌండ్ లేదు. నాలుగంతస్తుల మేడ, కిటికీలకు గ్రిల్స్. ఫీజు రసీదులో స్పోర్ట్స్ అని ఒక గడి ఉండేది, దాని ఎదురుగా అంకె కూడా ఉండేది. ఒక రోజు పోయి పీడీ సారు ఎవరండీ అని అడిగితే, స్టడీ అవర్లో నిశ్శబ్దం చూసుకునే ఆయన్ని చూపించారు. ఆ మనిషి ముఖం నాకు గుర్తుంది. ఎం.పి.ఎడ్. చదివాడట, వాలీబాల్‌లో యూనివర్సిటీకి ఆడాడట. మెడలో విజిల్ లేదు. ఆ మనిషికి, ఆ రెండేళ్లలో ఏ ఆటా ఆడని నా కూతురికి ఎవరు జవాబు చెబుతారు? కుప్పంలో, పుంగనూరులో, మదనపల్లెలో కాలేజీలు నడిపే పెద్దలను నేను అడిగేది గోల్ఫ్ కాదు. సాయంత్రం ఒక్క గంట. ఒక ఖాళీ జాగా, ఒక సున్నపు డబ్బా, ఆ గంట ఎవరూ మరో పని చెప్పకుండా ఒక అయివోరు.

మొన్న ధైర్యం చేసి గ్రౌండ్‌లో సారును అడిగాను. "సార్, వాడు ఎనిమిది నిమిషాలు ఎప్పుడో దాటేసినాడు గదా, ఇంకా వాచీ ఎందుకు సార్?" ఆయన నా వైపు తిరగలేదు, కళ్లు ఆ మూల మీదే ఉన్నాయి. "వానికి తెలియాల గదప్పా. ఈ పొద్దు ఎంతో తెలిస్తేనే గదా రేపు దాంట్లో తగ్గించుకునేది" అన్నారు. అంతలో పిల్లోడు వచ్చాడు. గీత దాటి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. సారు వాచీ వాడి ముఖం దగ్గర పెట్టి చూపించి, జేబులో నుంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

పోయిన నెల వాడి టైము తొమ్మిది నిమిషాల నలభై సెకన్లట. ఆ పొద్దు తొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు.